తెల్లవారుజామున తూర్పున, పొద్దుగూకాక పడమట: తోకచుక్కను ఫొటో తీసిన నా అనుభవం

సూచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క మీద 2024 జూలైలోనే చాలామంది ఆశ వదులుకున్నారు. సెప్టెంబరు 27న అది సూర్యుడికి అతి దగ్గరగా వెళ్ళాలి. ఆ లోపే ముక్కలైపోతుందని, తోకచుక్కల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న జెడెనెక్ సెకనీనా ఒక పరిశోధన పత్రమే రాశారు. 2013లో ఐసాన్ తోకచుక్క కూడా అలాగే ఊరించి, సూర్యుడి దగ్గరికి వెళ్ళి చెదిరిపోయింది. అందుకే నేనూ పెద్దగా పట్టించుకోలేదు. సెప్టెంబరు నెల నడిచేకొద్దీ దక్షిణార్ధగోళం నుంచి ఫొటోలు రావడం మొదలైంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు కూడా తీసి పంపారు. తల గట్టిగానే ఉంది, తోక పెరుగుతోంది.

అప్పుడు మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. "ఒరేయ్, హేల్-బాప్ తర్వాత మళ్ళీ ఇప్పుడేనంట. పోదామా?" అన్నాడు. 1997లో వేసవి మొదట్లో తాతగారి డాబా మీద పడుకుని ఇద్దరం హేల్-బాప్‌ని చూశాం. చీకటి పడగానే వాయవ్యంలో ఎవరూ చూపించకుండానే కనిపించేది. అప్పట్లో మా ఇంట్లో కెమెరా లేదు. ఆ తోకచుక్క ఫొటో ఒక్కటీ మా దగ్గర లేదన్న వెలితి నాకు అప్పటి నుంచీ ఉంది. "పోదాం బావా, కానీ ఎటు పోవాలో ముందు చూద్దాం" అన్నాను.

ఆ 'ఎటు' అన్న ప్రశ్నకే ఎక్కువ సమయం పట్టింది. నా దగ్గరున్నది పాత కానన్ డీఎస్ఎల్ఆర్, 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు, కెమెరాతో వచ్చిన 18-55 లెన్సు, ఒక ట్రైపాడ్. నక్షత్రాలతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ లేదు. వీటితో తీయవచ్చని తెలుసు. తోకచుక్క సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడే బాగా వెలుగుతుంది, కానీ అప్పుడు అది సూర్యోదయానికి కాస్త ముందో, సూర్యాస్తమయం తర్వాత కాసేపో దిక్చక్రానికి ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే వెలుగు చాలా గాలిని దాటి రావాలి. ఐదు డిగ్రీల ఎత్తులో ఉంటే, తలపైన ఉన్న దానితో పోలిస్తే దాదాపు పది రెట్ల గాలి అడ్డం. ఆ గాలిలో దుమ్ము, తేమ, పొగ ఉంటాయి. వాటి మీద పడే ఊరి దీపాల వెలుగు కూడా తోడైతే తోక మొత్తం అందులోనే కలిసిపోతుంది.

కాబట్టి హైదరాబాద్ వెలుగు మన వీపు వెనక ఉండాలి. తెల్లవారుజామున తూర్పుకి చూడాలి కనుక ఊరికి తూర్పున, అంటే భువనగిరి దాటి పోవాలి. సాయంత్రం పడమటికి చూడాలి కనుక వికారాబాద్ వైపు పోవాలి. మామూలుగా నక్షత్రాల ఫొటోలకు అందరూ అనంతగిరి కొండలకే వెళ్తారు. కానీ తెల్లవారుజామున అక్కడి నుంచి తూర్పుకి చూస్తే హైదరాబాద్ వెలుగు కమ్మేస్తుంది. స్టెల్లేరియం అనే ఆకాశపటం సాఫ్ట్‌వేరులో తేదీ, సమయం పెట్టి తోకచుక్క ఏ డిగ్రీ దగ్గర లేస్తుందో చూసుకుని, ఉపగ్రహ పటంలో ఆ దిక్కున ఊరూ ఫ్యాక్టరీ లేని చెరువు కట్ట ఒకటి ఎంచుకున్నాం. చెరువు కట్ట ఎందుకంటే ఎదురుగా నీళ్ళే తప్ప చెట్లుండవు, దిక్చక్రం దాకా తెరిపిగా ఉంటుంది. ముందు రోజు పగలే ఒకసారి వెళ్ళి చూసి వచ్చాం. కట్ట మీదకి కారు పోతుందా, కరెంటు తీగలు అడ్డమొస్తాయా, రాత్రిపూట పంపు దగ్గర లైటు వేస్తారా, ఇవన్నీ పటంలో తెలియవు.

అక్టోబరు 1, పెత్తరమాసకు ముందు రోజు. నాలుగున్నరకల్లా కట్ట మీద ఉన్నాం. నీళ్ళ మీద పల్చటి పొగమంచు. మఘ నక్షత్రం తూర్పున బాగా పైకి వచ్చేసింది. దాని కింద, కొంచెం కుడిగా, రెండు పిడికిళ్ళ దూరంలో తోకచుక్క ఉండాలి. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. మొదటిసారి వెతికేవాళ్ళకి ఇంతకన్నా నమ్మకమైన కొలత లేదు.

తోకచుక్క ఇంకా పైకి రాకముందే ఫోకస్ పని పూర్తి చేసుకోవాలి. ఆటో ఫోకస్ చీకట్లో పనిచేయదు. లెన్సు మీదున్న అనంతం గుర్తు దగ్గర ఆపితే సరిపోతుందని అనుకుంటాం గానీ, చాలా లెన్సుల్లో నక్షత్రం చుక్కగా కనిపించేది ఆ గుర్తుకు కాస్త ఇటో అటో. మఘను ఫ్రేములోకి తెచ్చి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా స్క్రీన్ మీద, పది రెట్లు పెద్దది చేసి చూశాను. మొదట పెసరగింజంత తెల్లటి ముద్ద కనిపించింది. ఫోకస్ రింగును వేలి కొసతో వెంట్రుకవాసి తిప్పితే అది కుంచించుకుపోతూ వచ్చి సూదిమొనంత అయింది. ఇంకాస్త తిప్పితే మళ్ళీ ఉబ్బింది, చుట్టూ ఊదారంగు అంచు వచ్చింది. వెనక్కి తిప్పి, ఆ సూదిమొన దగ్గర ఆపి, రింగు మీద కాగితం టేపు అంటించాను. ఆ టేపు తీసేదాకా ఫోకస్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. లెన్సును పూర్తిగా తెరిచిన ఎఫ్/1.8 దగ్గర అంచుల్లో నక్షత్రాలు రెక్కలు విప్పుతాయి కనుక కాస్త మూసి ఎఫ్/2.2 పెట్టాను. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్, ఫైలు రా (కెమెరా ఏమీ మార్చకుండా ఇచ్చే మూల ఫైలు), లెన్సు స్టెబిలైజర్ ఆఫ్, షట్టరు రెండు సెకన్ల టైమరు మీద.

ఎక్స్‌పోజరు ఎంత పెట్టాలనేదానికి అందరూ చెప్పే 500 సూత్రం ఒకటుంది. 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో, సెన్సరు క్రాప్‌తో (ఫుల్‌ఫ్రేమ్ కన్నా సెన్సరు ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే సంఖ్య) భాగిస్తే ఎన్ని సెకన్లు పెట్టొచ్చో వస్తుందంటారు. నా కెమెరాకి దాదాపు 3.7 సెకన్లు వచ్చింది. నా ఉద్దేశంలో ఇప్పటి సెన్సర్లకి ఆ లెక్క మరీ ఉదారం. భూమి తిరుగుతుంటే ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) జరుగుతుంది. ఈ లెన్సుతో నా కెమెరాలో ఒక పిక్సెల్ అంటే సుమారు పది ఆర్క్‌సెకన్లు. రెండు సెకన్లకే నక్షత్రం మూడు పిక్సెళ్ళు సాగుతుంది. అందుకే రెండు సెకన్లు దాటనివ్వలేదు. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ, అంటే సెన్సరు సున్నితత్వం, పెంచాను, ఎక్కువ ఫొటోలు తీశాను.

ఐదు దాటుతుండగా కంటికేమీ కనిపించకముందే కెమెరాలో పడింది. పొగమంచు పైన, చెరువు అవతలి గట్టుకు కాస్త ఎత్తులో, తల చిన్న తెల్లటి చుక్కలా, దాని నుంచి పైకి, కుడివైపుకు కొద్దిగా వాలి తోక. ఎడమవైపు కొంత దూరంలో సన్నటి నెలవంక. బావ స్క్రీన్ మీద వంగి "అదేనా?" అని, వెంటనే బైనాక్యులర్ ఎత్తాడు. తర్వాత ఇద్దరం కంటితోనే పట్టుకోగలిగాం. ఎక్కడుందో తెలిశాక కన్ను తేలిగ్గా పట్టుకుంటుంది. నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తే తోక ఇంకా పొడవుగా తోచింది.

ఆ తర్వాత అంతా కంగారే. సూర్యోదయం ఆరు దాటాకే అయినా తూర్పు ఐదుంపావుకే నీలం తిరుగుతుంది. తోకచుక్క పైకి వచ్చేకొద్దీ అడ్డంగా ఉన్న గాలి తగ్గి అది మెరుగుపడుతుంది, అదే సమయంలో ఆకాశం తెల్లబడి దాన్ని మింగేస్తుంది. ఈ రెండిటి మధ్య నాకు దొరికినది ఇరవై నిమిషాలకు మించదు. 3200 ఐఎస్ఓతో మొదలుపెట్టి, హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) గుట్ట కుడివైపుకి జరిగినప్పుడల్లా 1600, 800 అని తగ్గించుకుంటూ పోయాను. నల్లటి ఆకాశంలో తోక పొడవుగా వచ్చిన ఫొటోలకన్నా, ఐదుంపావు ప్రాంతంలో దిక్చక్రం నారింజ రంగులో, పైన ముదురు నీలంలో ఉన్నప్పుడు తీసినవే నాకు ఎక్కువ నచ్చాయి. చెరువులో ఆ రంగు పడింది, తాటిచెట్ల నీడలు పడ్డాయి. చూసినవాళ్ళకి అది ఫలానా చోటు, ఫలానా పూట అని తెలుస్తుంది.

ఆ మసకలోనే ఆడవాళ్ళు నలుగురైదుగురు సంచులు పట్టుకుని కట్ట మీదుగా వచ్చారు. మర్నాడు ఎంగిలిపూల బతుకమ్మ, గునుగు, తంగేడు కోసుకోవడానికి పోతున్నారు. వాళ్ళలో పెద్దావిడ ఆగి అడిగింది.

"ఏం జేస్తున్రు బిడ్డా గీడ?"

"తోకచుక్క వచ్చిందవ్వా. ఫొటో తీస్తున్నాం."

"తోకచుక్కనా? మంచిది కాదంటరు గద."

బావ బైనాక్యులర్ ఆమె చేతికిచ్చి, "నువ్వే చూసి చెప్పవ్వా" అని దిక్కు చూపించాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని చాలాసేపు చూసింది. దొరికినట్టుంది, "ఆఁ, గదో, చీపురు లెక్క ఉన్నది" అని పక్కావిడకి అందించింది. ఒకరి తర్వాత ఒకరు చూశారు. అరిష్టం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆకాశంలో తిరిగే మంచు, దుమ్ము కలిసిన ముద్ద అది, సూర్యుడి వేడికి ఆవిరై తోక వస్తుందని బావ చెబుతుంటే శ్రద్ధగా విన్నారు. ఆ కాసేపు నేను తీసిన ఫొటోలు తక్కువే, ఆ మాటలు వినడమే బాగుంది.

లెన్సు మీద మంచు పట్టడం ఒక్కటే ఆ పూట ఇబ్బంది పెట్టింది. ముందు గాజు మసకబారితే ఫొటో మొత్తం పాలు కలిపినట్టవుతుంది. పదేసి ఫొటోలకొకసారి టార్చి పక్కనుంచి వేసి గాజు చూసి, మెత్తటి నూలుగుడ్డతో అద్దాను. లెన్సు ముందు హుడ్ (గొట్టం లాంటి కప్పు) బిగిస్తే మంచు పట్టడం బాగా తగ్గుతుంది.

అక్టోబరు మొదటి వారం గడిచేసరికి అది సూర్యుడి వెలుగులోకి వెళ్ళిపోయింది. మనకి కనిపించకపోయినా సూర్యుణ్ణి గమనించే సోహో ఉపగ్రహం కెమెరాల్లో ఆ రోజుల్లోనే అది అన్నిటికన్నా ప్రకాశంగా కనిపించింది. అప్పుడది భూమికీ సూర్యుడికీ మధ్యగా వచ్చింది. ఎదురుగా వచ్చే వెలుగును దుమ్ము మనవైపు ఎక్కువగా చెదరగొడుతుంది. అందుకే అక్టోబరు 9 ప్రాంతంలో దాని కాంతి శుక్రుడి స్థాయికి చేరింది. 12వ తేదీన, సరిగ్గా దసరా రోజున, భూమికి అతి దగ్గరగా, దాదాపు ఏడు కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. అక్కడి నుంచి సాయంత్రాలు పడమట.

కానీ ఆ రోజుల్లో వాతావరణం కలిసి రాలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడింది. 17న అది చెన్నై, నెల్లూరు మధ్య తీరం దాటింది. నెల్లూరులో ఉన్న మా చిన్నమ్మ వాళ్ళకి ఆ వారమంతా వానే, ఆకాశమే కనిపించలేదు. పైగా పున్నమి కూడా 17నే. అంటే తోకచుక్క మంచి జోరు మీదున్నప్పుడే చంద్రుడూ నిండుతున్నాడు. రోజూ మధ్యాహ్నం ఉపగ్రహ మేఘచిత్రం చూడడం, పడమటి అంచున తెరిపి ఉందో లేదో లెక్కవేయడం, ఆఫీసులో అనుమతి అడగాలా వద్దా అని టెన్షన్.

14న తెరిపి దొరికింది. చేవెళ్ళ దాటి వికారాబాద్ వైపు, రోడ్డుకు లోపలగా కంది చేల మధ్య ఆగాం. చేను వాళ్ళని ముందే అడిగి పెట్టుకున్నాం. చీకట్లో తెలియని మనుషులు ట్రైపాడ్‌తో తిరుగుతుంటే ఊళ్ళో కంగారు పడతారు, ఈ మాట కొత్తగా వెళ్ళేవాళ్ళకి తప్పక చెప్పాలి. పొద్దు కుంకాక మొదట ఎడమవైపున శుక్రుడు వెలిగాడు. కాసేపటికి కుడివైపున కిందుగా స్వాతి. ఆ రెండిటి నడుమ చూడాలని ముందే అనుకున్నాం. ఆరున్నర దాటాక బావ కేక పెట్టాడు, ఈసారి కంటికే ముందు దొరికింది. తోక దాదాపు నిట్టనిలువుగా లేచి ఉంది. తెల్లవారుజామున చూసినదానికన్నా చాలా పొడవు. వెనకాల తూర్పున చంద్రుడు లేకపోతే ఇంకెంత దూరం కనిపించేదో.

వెన్నెల వల్ల ఆకాశం తెల్లబడినా ఒక మేలు జరిగింది. కంది చేను, గట్టు మీది వేపచెట్టు ఆ వెలుగులోనే కనిపించాయి, విడిగా టార్చి వేయాల్సిన పని లేదు. కెమెరాను నిలువుగా తిప్పాను. 85 ఎంఎం లెన్సుతో ఎత్తు పదిహేను డిగ్రీలు, వెడల్పు పది డిగ్రీలు వస్తాయి, కింద చెట్టు, పైన తోక చివర రెండూ పట్టాయి. బావ తన ఫోన్‌ని చిన్న ట్రైపాడ్ మీద బిగించి, నైట్ మోడ్‌లో పది సెకన్లు పెట్టి తీశాడు. అందులోనూ తోకతో సహా వచ్చింది. కెమెరా లేదు కదా అని ఊరుకున్నవాళ్ళకి ఈ మాట చెప్పాలనిపిస్తుంది. ఫోన్ కదలకుండా ఉంటే చాలు, మంచి ఫొటో వస్తుంది. ఏడుంపావుకల్లా అది పొగమంచు పొరలోకి దిగి ఎర్రబడి మాయమైంది.

ఆ రోజుల్లోనే భూమి ఆ తోకచుక్క కక్ష్యా తలాన్ని దాటింది. అందువల్ల సూర్యుడి వైపుకే సన్నటి ముల్లులా ఇంకో తోక ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికది కక్ష్య వెంట వెనక మిగిలిన దుమ్మే, పక్క నుంచి చూడడం వల్ల అలా గీతలా అగుపిస్తుంది. చీకటి ఎడారుల నుంచి తీసినవాళ్ళ ఫొటోల్లో అది స్పష్టంగా ఉంది. మా వెన్నెల ఫొటోల్లో చిక్కలేదు.

ఇంటికి వచ్చాక పని మొదలవుతుంది. ఒక్క రెండు సెకన్ల ఫొటోలో తోక ఉంటుంది గానీ గరుకుగా ఉంటుంది. వెంటవెంట తీసిన ఫొటోలను నక్షత్రాల ఆధారంగా ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే ఆ గరుకు తగ్గుతుంది. పాతిక ఫొటోలు పేరిస్తే ఐదో వంతుకు దిగుతుంది. సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో నేలను కదలకుండా ఉంచి ఆకాశాన్ని మాత్రమే పేర్చే వీలుంది. అది లేకపోతే వేపచెట్టు చెదిరిపోతుంది. తీసే చోటే లెన్సుకి మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే సెకన్లతో కొన్ని చీకటి ఫొటోలు తీసి పెట్టుకున్నాను, సెన్సరు వేడి వల్ల వచ్చే చుక్కలు వాటితో పోతాయి.

కష్టమంతా దిక్చక్రం దగ్గరి వెలుగును తగ్గించడంలో ఉంది. సాఫ్ట్‌వేరుకి వదిలేస్తే తోక కూడా అనవసరపు వెలుగే అనుకుని తుడిచేస్తుంది. నేను తోక ఉన్న చోటు మాస్క్ చేసి (మార్పు తగలకుండా కప్పి), మిగతా ఆకాశం మీదే ఆ పని చేశాను. ఆ గరుకును (నాయిస్) తీసే ఏఐ పనిముట్లు వాడలేదు. అవి తోకలో లేని పీచులు గీస్తాయి. ఆ వారంలో ఫోన్లలో తిరిగిన ఫొటోల్లో చంద్రుడంత తల, ఆకాశం సగం నిండిన తోక కూడా చూశాను. నాకు చాలా బాధేసింది. పిల్లవాడొకడు ఆ ఫొటో చూసి, రాత్రి డాబా ఎక్కి, అలాంటిదేమీ కనిపించక నిరాశతో దిగిపోతాడు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే వాడు మసక చార కోసం వెతుకుతాడు, దొరికితే జీవితాంతం గుర్తుంటుంది. అందుకే నేను పంచుకున్న ప్రతి ఫొటో కింద లెన్సు, సెకన్లు, ఎన్ని పేర్చాను, కంటికి ఎంత కనిపించింది అన్నీ రాశాను.

ఫొటో వల్లే తోకచుక్కకు పేరొచ్చిన మనవాళ్ళ సంగతి ఒకటుంది. ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేశారు, వేణు బప్పు నిజాం కాలేజీలో చదివారు. 1949లో హార్వర్డ్‌లో ఉండగా తాను తీసిన ఫొటోగ్రాఫిక్ ప్లేటు మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించారు. అది బప్పు-బాక్-న్యూకిర్క్ అన్న పేరుతో నమోదైంది. బేగంపేటలో ఆ వేధశాల ఉన్న చుట్టుపక్కల ఇప్పుడు రాత్రిపూట నాలుగు నక్షత్రాలు కనిపిస్తే గొప్ప.

20 దాటాక చంద్రుడు ఆలస్యంగా లేవడం మొదలైంది. చీకటి దొరికింది, కానీ తోకచుక్క అప్పటికే దూరమవుతూ మసకబారుతోంది. అది భుజంగధారి రాశిలోకి, ఆకాశంలో పైకి వచ్చేసింది కనుక దిక్చక్రపు దుమ్ము బెడద లేదు. కంటికి ఉందా లేదా అన్నట్టున్నా, ఎక్కువ ఫొటోలు పేరిస్తే సన్నటి పొడవాటి తోక వచ్చింది. కింద నేల లేదు, చెట్టు లేదు, నక్షత్రాల మధ్య అదొక్కటే. ఇది మళ్ళీ 80 వేల ఏళ్ళకు వస్తుందని పత్రికలు రాశాయి. అసలు సౌరకుటుంబాన్నే వదిలి పోవచ్చనీ లెక్కలున్నాయి. నెలాఖరులో మరోసారి వెళ్ళి తీశాను, తల చిన్న మబ్బు ముక్కలా ఉంది. రా ఫైళ్ళన్నీ తేదీల వారీగా రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టాను, ఒకటి నా దగ్గర, ఒకటి బావ దగ్గర.